అడ్డంగా ఎత్తిన చేతులు

టీవీలో కుస్తీ ఉత్తదేనా అని అడిగేవాళ్ళకు నేను జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది. అవునంటే, మరి ఇన్నేళ్ళు నువ్వేం చేశావంటారు. కాదంటే నవ్వుతారు. ఏది చెప్పినా అవతలివాడు ముందే ఒక మాట అనుకునే వస్తాడు. మీరు చిన్నవాళ్ళు, అడిగిన తీరు కాస్త మర్యాదగా ఉంది కాబట్టి ఒక్క ఆదివారం సంగతి రాస్తాను. చదివాక ఉత్తదో కాదో మీరే తేల్చుకోండి, నాకు ఓపిక లేదు.

నేను రెఫరీని. చారల చొక్కా వేసుకుని ఇద్దరు కొండలాంటి మనుషుల మధ్య గెంతే బక్క ప్రాణిని మీరు చూసే ఉంటారు. మా నాయన కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశాడు. నేనూ పదిహేనేళ్ళు అదే పని చేశాను. సాయంత్రాలు మా వాళ్ళ తాలీంకు, అంటే కుస్తీ గోదాకు, పోయి మట్టిలో కుస్తీ పట్టేవాణ్ణి. మోకాలు పోయాక కుస్తీ పోయింది. అప్పుడే ఒక చీరల శేఠ్ టీవీ కోసం కుస్తీ పోటీలు మొదలుపెడుతున్నాడని విని వెళ్ళాను. నా మోకాలు చూశారు, నోరు చూశారు, రెఫరీగా పెట్టుకున్నారు.

కడోదరా పోయే దారిలో మూతపడ్డ సాంచాల షెడ్డు ఒకటి ఉండేది. మగ్గాలు తుక్కు కింద అమ్మేశాక మిగిలిన ఖాళీలో మాకు రింగు కట్టారు. పైన దూలాలకు ఏళ్ళనాటి పీచు పట్టి ఉండేది. ఎవరైనా గట్టిగా పడితే అది రాలి మా నెత్తిన పడేది. టీవీలో మంచు పడుతున్నట్టు చాలా బాగుంటుందని శేఠ్ మురిసిపోయేవాడు. దగ్గు మాత్రం మాకు వచ్చేది.

రెఫరీ పని అంటే ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టడం అనుకుంటారు జనం. అది పనిలో పదో వంతు. నా చెవిలో ఒక చిన్న ఇయర్‌ఫోన్ ఉండేది. లోపల గదిలో కూచున్న డైరెక్టరు మాటలు అందులో వినిపించేవి. ఇంకా పది నిమిషాలుంది, ఇంకా ఐదే ఉంది, ఇక ముగించండి, ఇలా. నేను పహిల్వాన్లను విడదీస్తున్నట్టు నటిస్తూ వంగి, ఆ మాట వాళ్ళ చెవిలో వేసేవాణ్ణి. నాకు వినడానికే గానీ తిరిగి చెప్పడానికి ఏ యంత్రమూ ఇవ్వలేదు. ఎవరు గెలవాలో ముందే అనుకున్నదే. కానీ అంత ఎత్తు నుంచి పడడం మాత్రం ఎవరూ ముందే అనుకుని తప్పించుకోలేరు కదా.

అందుకే మాలో ఒక కట్టుబాటు ఉండేది. పెద్ద దెబ్బ పడగానే నేను మోకాళ్ళ మీద కూచుని పడినవాడి చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కేవాణ్ణి. వాడు తిరిగి నొక్కితే బాగున్నట్టు. నొక్కకపోతే నేను లేచి నిలబడి రెండు చేతులూ తలపైన అడ్డంగా, గుణకారం గుర్తులాగా పెట్టాలి. అంటే దెబ్బ నిజమని. ఆ గుర్తు కనపడితే స్పీకర్లలో పాట ఆగిపోవాలి, దీపాలన్నీ వెలగాలి, తెర వెనకాల ఉండే కాంపౌండరు సంచీ పట్టుకుని పరిగెత్తుకు రావాలి. మిగతాదంతా నాటకమే గానీ ఆ గుర్తు నాటకంలో వాడకూడదు. అమ్మమీద ఒట్టు పెట్టుకున్నట్టే ఉండేది మాకు. మొదటి ఐదారేళ్ళలో నేను మూడుసార్లు ఎత్తి ఉంటాను, ఒక భుజం, ఒక పక్కటెముక, ఒక చీలమండ.

మాకు ఈ కట్టుబాట్లన్నీ నేర్పినవాడు మా ముసుగు పహిల్వాను. పేరు రాయను, రింగులో ఆయన మొహం కూడా ఎవరూ చూడలేదు. ఆయనా మావాడే. పాండేసరాలో మిల్లుల్లో బీములు, అంటే నూలు చుట్టిన ఇనప దిమ్మెలు, భుజాన మోసిన మనిషి. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. బలవంతులు సూరత్‌లో ఎంతమందైనా దొరుకుతారు, పడడం తెలిసినవాడు మాత్రం ఆయన ఒక్కడే. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ గడ్డం కింద నిమ్మకాయ పెట్టి, ఛాతీకి నొక్కి పట్టుకుని వెల్లకిలా పడమనేవాడు. నిమ్మకాయ జారితే మళ్ళీ మొదటికి. "తల ఎనుకకు వోయిందంటే నువ్వు వోయినట్టె బిడ్డా. ముందుగాల పడుడు నేర్సుకో, కొట్టుడు గాడ్దులకు గూడ అస్తది" అనేవాడు. ముప్పై ఏళ్ళలో తాను ఒక్కసారి కూడా తప్పు పడలేదని ఆయన గర్వం. ఆ మాట రోజుకు రెండుసార్లయినా మాకు వినిపించేవాడు, మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో మాకొక శత్రువు ఉండేవాడు. వరాఛాలో వజ్రాల వ్యాపారులు కొందరు కలిసి ఇంకో కుస్తీ కార్యక్రమం పెట్టారు. మధ్యాహ్నం తీసిన మా ఆట టీవీలో వచ్చేది ఆదివారం సాయంత్రమే, వాళ్ళదీ అప్పుడే. వాళ్ళు పావుగంట కుస్తీ చూపిస్తే మేం ఇరవై నిమిషాలు చూపించాలి. వాళ్ళ రెఫరీ నీకంటే బాగా గెంతుతాడని మా ఇంటావిడే అంది, ఆ వారమంతా నేను మిద్దె మీద గెంతడం సాధన చేశాను. పొద్దున ఆరింటికే అందరూ షెడ్డులో ఉండేవాళ్ళు. ముసుగన్న మొహం ఎవరికీ తెలియదు కాబట్టి వాళ్ళు శనివారం తీసే ఆటను టికెట్టు కొని చూసి వచ్చేవాడు. వచ్చి, "మంచిగ పడుతున్నరు రా ఆళ్ళు" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

తర్వాత శేఠూ వజ్రాల వాళ్ళూ ఒక హోటల్లో కూచుని రెండింటినీ ఒకటి చేశారు. మాకు ఘారీలు పంచారు. నెయ్యి కారుతున్న మిఠాయి తింటూ, ఇక పోటీ లేదు, హాయిగా ఉండొచ్చని మేమే సంబరపడ్డాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

హాయి మొదలైంది. పొద్దుటి సాధన వారానికి మూడు రోజులైంది, తర్వాత ఒక రోజు, తర్వాత ఎవరికి వీలైతే వాళ్ళు. ఇరవై నిమిషాల కుస్తీ పది అయింది, ఐదు అయింది. మిగిలిన టైంలో మైకు పట్టుకుని ఒకరినొకరు తిట్టుకోవడం, సీరియల్ నటులు అతిథులుగా వచ్చి చేతులూపడం. కండలు చూసి జిమ్ముల నుంచి కుర్రాళ్ళను తెచ్చారు, నిమ్మకాయ మాటెత్తితే వాళ్ళు ఫోను చూసుకునేవాళ్ళు. జనం అరుపులు కూడా రికార్డు చేసి స్పీకర్లలో వేయడం మొదలుపెట్టారు. ఖాళీ కుర్చీలు ఈలలు వేస్తుంటే చూడడానికి నాకు మొదట్లో భయమేసేది, తర్వాత అలవాటైంది. జనం చూడకపోతే ఎటు పోతారు, వేరే కుస్తీ లేదు కదా అనేవాడు శేఠ్. జనం మాత్రం టీవీ కట్టేసి ఎటో పోయారు.

అప్పుడు అహ్మదాబాదు నుంచి ఒక కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, చురుకైన పిల్ల. చెడ్డది కాదు. నన్ను కాకా అనేది, మోకాలికి నూనె కూడా తెచ్చిచ్చింది. ఒకరోజు పాత టేపుల్లో నా చేతుల గుర్తు చూసింది.

"కాకా, ఇదేంటి? ఇది చేసినప్పుడు జనమంతా లేచి నిలబడ్డారు!"

చెప్పాను. ఆమె కళ్ళు మెరిశాయి. ఆ ఆదివారం అబద్ధపు దెబ్బకు ఆ గుర్తు వేయమంది. నేను కుదరదన్నాను. రెండో వారం అడిగింది, తల అడ్డంగా ఊపాను. మూడో వారం శేఠే ఫోను చేశాడు. "మాస్టర్‌జీ, చేతులే కదా, ఎత్తితే అరిగిపోతాయా?" అన్నాడు. రెఫరీలు చాలామంది దొరుకుతారని కూడా అన్నాడు. నేను ఎత్తాను. ఇదంతా శేఠ్ చేశాడనో ఆ పిల్ల చేసిందనో రాసుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది, కానీ ఎత్తినవి నా చేతులు.

షెడ్డు నిశ్శబ్దమైపోయింది. మరునాడు అందరి ఫోన్లలో ఆ వీడియోనే. ఇక ప్రతి నెలా ఒకటి, తర్వాత రెండు. నేను చేతులెత్తగానే మోగడానికి ఒక డోలు దెబ్బ కూడా తయారుచేశారు. మరి నిజంగా దెబ్బ తగిలితే ఎలాగమ్మా అని అడిగాను. "దానికి ఇంకో గుర్తు పెట్టుకుందాం కాకా, వచ్చే వారం కూచుని అనుకుందాం" అంది. వచ్చే వారం ఏదో పని పడింది. ఆ తర్వాత నేనూ అడగలేదు.

ముసుగన్న నాతో పది రోజులు మాట్లాడలేదు. చివరికి చాయ్ తాగే చోట పట్టుకున్నాడు.

"ఏంది తమ్మీ గిది? ఆ చేతులు గట్ల ఎత్తుడేంది?"

"నౌకరీ అన్నా. ఏం జేయాలె."

"కుర్చీలతోని కొట్టుకోమన్నరు, కొట్టుకున్నం. బూతులు తిట్టుకోమన్నరు, తిట్టుకున్నం. గదొక్కటి ఉండనియ్యాలె గదరా." చాయ్ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ సంవత్సరమే ఆయన ఇక చాలించుకుంటానన్నాడు. యాభై దగ్గర పడ్డాడు. ఒక్కటే కోరాడు, చివరి ఆట పాత పద్ధతిలో ఇరవై నిమిషాలు నిండుగా కావాలని. ఓడి, చివర తన చేత్తోనే ముసుగు తీసి జనానికి మొహం చూపించి దిగిపోతానన్నాడు. డైరెక్టరమ్మకు నచ్చింది. శేఠ్ సరేనన్నాడు. అన్న జిమ్ము కుర్రాడిని కూచోబెట్టుకుని నెల రోజులు ఆట నేర్పాడు, ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ, ఎక్కడ జనానికి ఊపిరి పీల్చుకోనివ్వాలి అని. వాడు కూడా ఈసారి ఫోను పక్కన పెట్టి నేర్చుకున్నాడు. ఆయన సొంత పడడాలు మాత్రం సాధన చేసుకోలేదు. అడిగితే, "చేపకు ఈత నేర్పుతవా?" అన్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఆ ఆదివారం మా గల్లీల నుంచే బోలెడు మంది వచ్చారు, చాలా రోజుల తర్వాత కుర్చీలు నిజంగా నిండాయి. ఆట మొదలైన నాలుగు నిమిషాలు, నా పాత రోజులు తిరిగొచ్చాయి. అన్న తొందరపడడం లేదు, జనం నెమ్మదిగా వేడెక్కుతున్నారు. అప్పుడు చెవిలో ఆ పిల్ల గొంతు, "కాకా, సీరియల్ నుంచి వచ్చిన అతిథి త్వరగా వెళ్ళాలట, స్టేజీ మీద మాట్లాడించాలి. ఇంకో రెండు నిమిషాల్లో ముగించమనండి."

వినపడనట్టు నటించవచ్చు. యంత్రం చెడిపోయిందనుకుంటారు, అంతే కదా. ఇన్నేళ్ళలో ఎన్ని నటించాను, అది ఒక్కటి నటించలేకపోయాను. వంగి, "అన్నా, రెండే నిమిషాలట" అన్నాను.

ముసుగు కన్నాల్లోంచి నన్ను చూశాడు. కుర్రాడిని ఒక్క తోపు తోసి, నేరుగా వెళ్ళి మూలన స్తంభం ఎక్కాడు. ఆ దూకుడు పదిహేడో నిమిషంలో రావాల్సింది. కాళ్ళు కుదుర్చుకోకుండానే కోపం మీద దూకాడు. కుర్రాడు అనుకున్నట్టే పక్కకు తప్పుకున్నాడు, అన్న వెల్లకిలా పడ్డాడు. నేను మూరెడు దూరంలో ఉన్నాను. ఆయన గడ్డం లేచిపోవడం, తల ముందుగా చెక్కలకు తగలడం నేను చూశాను. ఆ క్షణంలో కెమెరాలన్నీ అతిథి మీదున్నాయి. కాబట్టి చూసింది నేనొక్కణ్ణే.

కూచుని చెయ్యి పట్టుకున్నాను. నొక్కాను. లేదు. మళ్ళీ నొక్కాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు, మా పనిలో దెబ్బ తిన్నవాడు అలాగే ఉండాలి. "అన్నా!" అన్నాను, స్పీకర్ల అరుపుల్లో నా మాట నాకే వినపడలేదు. మూడోసారి ఎంత గట్టిగా నొక్కానంటే నా వేళ్ళే నొప్పెట్టాయి. లేచి చేతులు అడ్డంగా ఎత్తాను.

డోలు మోగింది. జనం ఈలలు వేశారు. చెవిలో, "అబ్బ, సూపర్ కాకా! అలాగే ఉండండి, అలాగే!"

నేను అలాగే ఉన్నాను. మీకు చెప్పుకోలేని సంగతి ఇదే. నాకు నోరుంది, కాళ్ళున్నాయి. అయినా ఆ గుర్తు వేస్తే కాంపౌండరు వస్తాడని పదేళ్ళు నమ్మిన ఒళ్ళు కదల్లేదు, తెర వైపు చూస్తూ నిలబడ్డాను. కాంపౌండరు తెర పక్కనే నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఈలోపు కుర్రాడు, పాపం, తనకు చెప్పకుండా కథ మార్చారనుకుని, అన్నను భుజం పట్టుకుని రింగు మధ్యకు ఈడ్చాడు. ఆ ఈడ్పుకు తల ఒక పక్కకు వాలింది. అప్పుడు నాకు తెలివొచ్చింది. కుర్రాణ్ణి తోసేసి, మెడ కదలకుండా మోకాళ్ళ మధ్య తల పట్టుకుని, అన్న ముసుగు చించేశాను.

మా పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. ఒకరి ముసుగు ఇంకొకరు తీయకూడదు. ముందు వరసలో పాండేసరా మిల్లు మనిషి ఒకాయన లేచి, "అరే, గీయన మన బీములాయన గదా!" అని అరిచాడు. ముసుగు లేని మొహం చూశాక గానీ జనానికి అది మనిషి దెబ్బ అని అర్థం కాలేదు. దీపాలు వెలిగాయి. ఆ పిల్ల గదిలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

నాలుగో రోజు ఆస్పత్రిలో మాట్లాడనిచ్చారు. మెడకు పట్టీ, కళ్ళు పైకప్పు మీదే. వదిన పక్కన కూచుని చెంచాతో నీళ్ళు పోస్తోంది. కుడి చెయ్యి ఇక పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు మాకు బయటే చెప్పాడు. పడ్డ క్షణంలోనే నరం దెబ్బ తిన్నదట, తర్వాత ఈడ్చడం వల్ల పెద్దగా పెరగలేదన్నాడు. లోపల ఈ సంగతులేవీ మాట్లాడొద్దన్నాడు.

అన్న నన్ను చూసి నవ్వాడు. "తమ్మీ, ఒక్క మాట అడుగుతా. ఆ దినం నా చెయ్యి ఎందుకు పట్టలేదు?"

నేను వదిన వైపు చూశాను.

"పడుకోని ఎదురు సూస్తున్న నేను, నువ్వు చెయ్యి పట్టుకుంటవని. నువ్వేమో పట్టకుండనే లేసి చేతులెత్తినవ్, డోలు మోగుడు ఇన్న. ఓహో, ఇది గూడ దొంగ గుర్తే, నాకు జెప్పకుంట కథ మార్చిన్రు అనుకున్న. అందుకే మెదలకుంట పండుకున్న. నొప్పి గూడ లేకుండె." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేనైతే మంచిగనే పడ్డ. ఆ పోరడు గుంజినప్పుడే అయ్యింది గిది. మంచిగనే పడ్డ గదా? నువ్వు పక్కకే ఉంటివి."

వదిన చెంచా పట్టుకుని నా వైపే చూస్తోంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పు పడని మనిషి ఆయన. నేను చెయ్యి పట్టుకున్నానని చెబితే, ఆ చేతికి అప్పటికే స్పర్శ లేదని తెలిసిపోతుంది. అప్పుడు పడడమే తప్పు పడ్డాడని తేలిపోతుంది.

"మంచిగనే పడ్డవన్నా," అన్నాను. "నేనే చెయ్యి పట్టుడు మరిచిపోయిన."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "గంత యాది మరుపేందిరా" అని మెల్లగా తిట్టాడు. వదిన అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమెను తప్పు పట్టను.

మీలాంటివాళ్ళు ఇక్కడ, వెంటనే ఉద్యోగం వదిలేసి ఉంటావు కదా అంటారు. వదల్లేదు. ఇంకో రెండేళ్ళు అదే చారల చొక్కా తొడుక్కున్నాను. చేతులు మాత్రం ఎత్తనన్నాను, వాళ్ళూ అడగలేదు. డైరెక్టరమ్మ నెల తిరక్కుండా వెళ్ళిపోయింది. అన్న చివరి ఆటను శేఠ్ టీవీలో వేయలేదు, అంతవరకు నయం. తర్వాత ఆ కార్యక్రమం ఎప్పుడు ఆగిపోయిందో చూసేవాళ్ళకు సరిగా తెలియదు. ఎవరూ చూడడం లేదు కదా.

అన్న ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. కుడి చెయ్యి చొక్కా జేబులో పెట్టుకుని ఉంటాడు. సాయంత్రాలు తాలీం అరుగు మీద కూచుని పిల్లలకు పడడం నేర్పుతాడు, నోటితోనే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి తప్పు పడలేదని ఇప్పటికీ చెబుతాడు. నేను అటు పోతే, "గీడేరా, చెయ్యి పట్టుడు మరిచిన రెఫరీ" అని నన్ను చూపిస్తాడు. పిల్లలు నవ్వుతారు. నేనూ తల గోక్కుంటాను. అలా తల గోక్కుని గోక్కుని పదేళ్ళు దాటింది, ఒక్కోసారి నిజంగానే మరిచిపోయానేమో అనిపిస్తుంది కూడా.

నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివాను. ఆయన గుజరాతీ బడిలో చదివాడు, తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. అందుకే ఇది తెలుగులో రాయగలిగాను. మీలో ఎవరైనా ఆ తాలీంకు పోయేవాళ్ళుంటే, మీకు దండం పెడతాను, ఆయనకు చదివి వినిపించకండి.